కరెంట్ పోయినప్పుడు కాదు, తిరిగి వచ్చినప్పుడు: గుండెను కాపాడే పరిశోధన గురించి

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. మీ అమ్మాయికి పీహెచ్‌డీలో "గుండెపోటులో కండరానికి జరిగే గాయాన్ని తగ్గించడం" అనే అంశం ఇచ్చారు. స్టెంట్లు, ఇంజెక్షన్లు ఉండగా ఇందులో ఇంకా కనిపెట్టడానికి ఏముందని మీ అన్నయ్యగారు అడుగుతున్నారు. రెండోది, చేతికి బీపీ పట్టీ కట్టి బిగిస్తూ వదులుతూ ఉంటే గుండెకు రక్షణ వస్తుందని ఒక వీడియోలో చూశారు. షుగర్, ఒక స్టెంట్ ఉన్న మీ నాన్నగారికి ఇంట్లో అలా చేయొచ్చా అని అడిగారు.

రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను: చేయకండి. కారణం కింద వస్తుంది. మొదటిది మాత్రం అంత తొందరగా తేలేది కాదు.

ముందొక మాట. నేను రోగులను చూసే డాక్టర్ని కాను. వైజాగ్‌లో ఫార్మకాలజీ పాఠాలు చెబుతూ, ఎలుక గుండెల మీద పని చేస్తూ 26 ఏళ్లు గడిపినవాణ్ణి. కాబట్టి ల్యాబ్ సంగతులు నా సొంత అనుభవం, ఆస్పత్రి సంగతులు చదివి, కార్డియాలజిస్టుల పక్కన కూర్చుని తెలుసుకున్నవి.

"నాళం మూసుకుపోయింది, తెరిచారు, అయిపోయింది కదా" అనే మాట మీ అన్నయ్యగారు ఒక్కరే అనరు. మా డిపార్ట్‌మెంట్ సెమినార్లలోనే విన్నాను. దానికి నేను ఎప్పుడూ చెప్పే జవాబు హుద్‌హుద్. 2014 అక్టోబర్ 12న తుపాను కొట్టాక మా ఎంవీపీ కాలనీలో రోజుల తరబడి కరెంట్ లేదు. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ పాడయ్యాయి, అది అనుకున్నదే. కరెంట్ వచ్చిన సాయంత్రం వీధంతా కేకలు, చప్పట్లు. పది నిమిషాలు తిరక్కుండానే మా ఫ్రిజ్ వెనకనుంచి కాలిన వాసన. వోల్టేజీ ఎగసి పడి కంప్రెసర్ పోయింది. అన్ని రోజులు కరెంట్ లేనప్పుడు ఏమీ కాని యంత్రం, కరెంట్ వచ్చిన పది నిమిషాల్లో చచ్చింది. గుండె కండరంలో జరిగేది అచ్చంగా ఇదే అనను, కానీ చాలావరకు ఇదే. రక్తం ఆగినప్పుడు ఒక నష్టం, రక్తం తిరిగి వచ్చినప్పుడు ఇంకో నష్టం. స్టెంట్ మొదటిదాన్ని ఆపుతుంది. రెండోదానికి ఈ రోజుకీ నమ్మకంగా వాడే మందు ఒక్కటి కూడా లేదు. మీ అమ్మాయి అంశం ఆ రెండోది.

కొంచెం లోపలికి వెళ్దాం. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. దాని కండర కణంలో మూడోవంతు చోటు శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకే పోతుంది, అంత శక్తి కావాలి. అయినా చేతిలో నిల్వ ఉండే ఏటీపీ, అంటే కణం ఖర్చుపెట్టే శక్తి సరుకు, కాసిని కొట్టుకోవడాలకే చాలుతుంది. రోజుకూలీ ఇల్లు లాంటిది: సంపాదన ఆగనంతవరకు లోటు తెలియదు, బియ్యం డబ్బాలో మాత్రం ఆ పూటకే ఉంటాయి. డబ్బా అడుగున దాచిన గుప్పెడు బియ్యం లాంటిది ఫాస్ఫోక్రియాటిన్. రక్తం ఆగగానే ముందు ఖర్చయ్యేది అదే, ఆ తర్వాతే ఏటీపీ పడిపోతుంది. ఈ ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి బయటపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1929లో ఏటీపీని కూడా వాళ్లిద్దరూ వేరు చేశారు, అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా చేశాడు. మన పిల్లలకు ఆయన పేరు ఫోలిక్ యాసిడ్ దగ్గర, యాంటీబయాటిక్ దగ్గర చెప్పి వదిలేస్తాం. గుండె మీద పని చేసేవాళ్లకు మొదటి మెట్టు ఆయనదేనని నేను ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను, ప్రతి బ్యాచూ ఆశ్చర్యపోతుంది.

రక్తం ఆగిన కొన్ని సెకన్లకే ఆ భాగం ముడుచుకోవడం మానేస్తుంది. అది చావు కాదు, పని బంద్. సుమారు 20 నిమిషాల్లోపు రక్తం వస్తే కణాలు బతుకుతాయి, కాకపోతే తేరుకోవడానికి గంటలో రోజులో పడుతుంది. అది దాటితే గోడ లోపలి పొరలో చావు మొదలై బయటి పొరవైపు పాకుతుంది. 1977లో రీమర్, జెన్నింగ్స్ అనే శాస్త్రవేత్తలు కుక్క గుండెల్లో నాళాన్ని 40 నిమిషాలు, 3 గంటలు, 6 గంటలు అలా వేర్వేరు సేపు కట్టి వదిలి, ఈ పాకడాన్ని కొలిచి చూపించారు. దానికి కెరటం అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. మనిషి గుండెలో పక్క నాళాల నుంచి కొద్దో గొప్పో రక్తం అందుతుంది కాబట్టి ఈ కెరటం నెమ్మదిగా, గంటల మీద కదులుతుంది. గుండెపోటు వచ్చిన 12 గంటల దాకా కూడా నాళం తెరవడానికి చూసేది అందుకే.

ఈ లోపల కణం ఏం చేస్తుందంటే, ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజును సగంలో విరిచి బండి లాగుతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, కణం పులుస్తుంది. ఆ పులుపును బయటికి తోయడానికి సోడియంను లోపలికి రానిస్తుంది, సోడియంను బయటికి పంపడానికి కాల్షియంను లోపలికి రానిస్తుంది. అప్పు తీర్చడానికి అప్పు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మైటోకాండ్రియా పొరలో ఒక ద్వారం ఉంటుంది, అది బార్లా తెరుచుకుంటే ఇక ఆ కణం పని అయిపోయినట్టే. కణం పులిసి ఉన్నంతసేపు ఆ ద్వారం మూసే ఉంటుంది. అంటే పులుపు చంపుతూనే కాపాడుతోంది. నాళం తెరవగానే తాజా రక్తం ఆ పులుపును నిమిషాల్లో కడిగేస్తుంది. అదే సమయంలో పేరుకుని ఉన్న సక్సినేట్ అనే పదార్థం గుప్పుమని ఖర్చయి, ఆక్సిజన్ నుంచి కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను కుమ్మరిస్తుంది. ఈ సక్సినేట్ సంగతి 2014లో కేంబ్రిడ్జ్ బృందం తేల్చింది. కాల్షియం ఇప్పటికే నిండుగా ఉంది. మూడూ కలిసి ఆ ద్వారాన్ని తోసి తెరుస్తాయి. మైటోకాండ్రియా ఉబ్బి పగులుతుంది, కండర కణం బిగుసుకుని తనను తానే చింపుకుంటుంది. ఇదంతా రక్తం వచ్చిన మొదటి కొన్ని నిమిషాల్లో మొదలైపోతుంది.

రక్తం తిరిగి రావడం కూడా గాయపరచగలదని కుక్క గుండెల్లో 1960లోనే జెన్నింగ్స్ గమనించాడు. అప్పటికి మనిషి గుండెలో మూసుకున్న నాళాన్ని తెరిచే పద్ధతి వాడుకలో లేదు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1980ల్లో గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఇంజెక్షన్ వాడకంలోకి వచ్చాక పట్టించుకోక తప్పలేదు.

మా పెద్దమ్మ కొడుకు నర్సీపట్నంలో కిరాణా కొట్టు నడిపేవాడు. తెల్లవారుజామున 4 గంటలకు ఛాతీ బరువెక్కితే గ్యాస్ అనుకుని సోడా తాగాడు. 7 గంటలకు ఊళ్లో ఒకాయన గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చాడు. వైజాగ్ చేరేసరికి 11 దాటింది. ముందు గోడకు రక్తం ఇచ్చే పెద్ద నాళం పూర్తిగా బ్లాక్. స్టెంట్ బాగా పడింది, యాంజియో బొమ్మలో నాళం నున్నగా కనిపించింది, బయట కూర్చున్న మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. మర్నాడు ఎకోలో చూస్తే గుండె పంపింగ్ 35 శాతానికి పడిపోయి ఉంది. మనిషి బతికాడు. కానీ ఒకప్పుడు 25 కేజీల బియ్యం బస్తా భుజాన వేసుకునేవాడు ఇప్పుడు మేడ మెట్ల మధ్యలో ఆగి గోడ పట్టుకుంటాడు. నాళం తెరుచుకుంది, కండరం తెరుచుకోలేదు. పెద్ద నాళం తెరిచినా కిందనున్న సన్న నాళాలు వాచి, చెత్త అడ్డుపడి మూసుకుపోయే సందర్భాలూ ఉన్నాయి. మెయిన్ పైపులో నీళ్లొదిలినా మన కుళాయికి రానట్టు.

ఇక మీ అమ్మాయి రోజూ చేయబోయే పని. చాలా ల్యాబుల్లో మొదటి మెట్టు లాంగెన్‌డార్ఫ్ ఏర్పాటు, అంటే గుండెను శరీరం బయట కొట్టుకోనిచ్చే పద్ధతి. 1895 నాటి పద్ధతి, సుబ్బారావు గారు పుట్టిన ఏడాదే. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, ఎలుకకు మత్తు ఇచ్చి గుండె తీస్తారు. గ్రాము బరువుంటుంది. చల్లటి ద్రావణంలో వేయగానే ఆగిపోతుంది. బృహద్ధమని అంచును రెండు ఫోర్సెప్స్‌తో పట్టుకుని సన్నటి గొట్టానికి తొడిగి దారంతో కట్టాలి, అదీ రెండు మూడు నిమిషాల్లో. గొట్టంలో ఒక్క గాలి బుడగ ఉన్నా ఆ రోజు ప్రయోగం పోయినట్టే. రక్తం బదులు 37 డిగ్రీల క్రెబ్స్ ద్రావణం వదులుతాం. ఒక్క క్షణం ఏమీ ఉండదు. తర్వాత ఒక మెలిక. ఇంకో మెలిక. నిమిషం గడిచేసరికి ఏ శరీరమూ లేకుండా గాజు గొట్టానికి వేలాడుతూ నిమిషానికి 250 సార్లకు పైగా కొట్టుకుంటుంది. ఇన్నేళ్లయినా ఆ మొదటి మెలికకు నేను అలవాటు పడలేదు.

కాసేపు కుదురుకోనిచ్చి, ద్రావణాన్ని 30 నిమిషాలు ఆపేసి, మళ్లీ రెండు గంటలు వదులుతారు. తర్వాత గుండెను కాస్త గడ్డకట్టించి 2 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి టీటీసీ అనే రంగులో ముంచుతారు. బతికిన చోట ఎంజైములు ఉంటాయి కాబట్టి ఇటుక ఎరుపు తేలుతుంది. చచ్చిన చోటు వెలిసిపోయిన తెలుపు. ఆ తెలుపు ఎంత శాతమో కొలవడమే మొత్తం పనికి ఫలితం. ఏడు గంటలకు మొదలుపెడితే మధ్యాహ్నానికి ఒక గుండె. భోజనం చేతిలో పట్టుకుని తెలుపెంతో చూస్తాం.

ఈ రంగాన్ని నిలబెట్టిన ప్రయోగం 1986లో జరిగింది. మర్రీ అనే శాస్త్రవేత్త, జెన్నింగ్స్, రీమర్ కలిసి కుక్క గుండెలో ఒక నాళాన్ని 5 నిమిషాలు మూసి 5 నిమిషాలు వదిలారు, అలా నాలుగుసార్లు. ఆ తర్వాత అదే నాళాన్ని 40 నిమిషాలు మూశారు. లెక్క ప్రకారం ముందు నుంచీ హింస పడిన గుండె ఎక్కువ చావాలి. కానీ చచ్చిన భాగం మామూలు గుండెల్లో కనిపించినదానిలో నాలుగో వంతే ఉంది. మూసే సమయాన్ని 3 గంటలకు పెంచితే మాత్రం ఆ రక్షణ కనిపించలేదు. ఈ రెండో వాక్యాన్ని చాలామంది పాఠంలో వదిలేస్తారు. నా దృష్టిలో అదే ముఖ్యం: ఈ విద్య చావును ఆపదు, వాయిదా వేస్తుంది. తర్వాత నాళం తెరిస్తేనే దానివల్ల లాభం.

ఈ గుణం మనుషుల్లోనూ కొంత ఉందనడానికి పాత ఆనవాళ్లున్నాయి. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు వైద్యుడు హెబర్డెన్ ఛాతీ నొప్పి ఉన్న ఒక మనిషి రోజూ అరగంట కట్టెలు కోస్తూ దాదాపు నయమయ్యాడని రాశాడు. మన దగ్గర సింహాచలం మెట్లెక్కేవాళ్లలో కొందరు చెబుతారు, మొదటి రెండొందల మెట్లకు పట్టేసింది, కూర్చుని లేచాక పైదాకా ఏమీ కాలేదని. దయచేసి దాన్ని "గుండె గట్టిపడింది" అని తీసుకోకండి. అది నాళంలో అడ్డు ఉందని గుండె చెబుతున్న మాట, మర్నాడే ఈసీజీకి వెళ్లాలి.

తర్వాతి మలుపులు త్వరగా చెబుతాను. 1993లో ప్రిజిక్లెంక్ బృందం, గుండెలో ఒక నాళాన్ని మూసి వదిలితే పక్క నాళం ప్రాంతానికి కూడా రక్షణ వస్తుందని చూపింది. అక్కడినుంచి చేతికి పట్టీ బిగించినా గుండెకు కబురు అందుతుందన్న దాకా వచ్చారు. మీరు చూసిన వీడియో మూలం ఇదే. 2003లో జావో, వింటెన్ జోహాన్సెన్ వాళ్లు ఇంకో దారి పట్టారు: నాళం తెరిచిన మొదటి నిమిషాల్లో ఒక్కసారిగా వదలకుండా, 30 సెకన్లు వదిలి 30 సెకన్లు మూసి మూడుసార్లు. కరెంట్ వచ్చాక మెయిన్ వేసి, ఒక్కొక్క స్విచ్ నెమ్మదిగా వేసినట్టు. ఇది కూడా పని చేసింది. మైటోకాండ్రియా ద్వారాన్ని మూసి ఉంచే సైక్లోస్పోరిన్ అనే మందు కూడా జంతువుల్లో పని చేసింది.

మరి మనుషుల్లో? ఇక్కడే మీ అన్నయ్యగారి అనుమానానికి బలం దొరుకుతుంది, నేను దాచను. 2008లో ఫ్రాన్స్‌లో 58 మంది మీద సైక్లోస్పోరిన్ బాగుందనిపించింది. 2015లో 970 మంది రోగుల మీద చేసిన సర్కస్ అనే పేరున్న ట్రయల్‌లో ఏ లాభమూ లేదు. 2003 నాటి ఆ మూసి వదిలే దారిని, నాళంలో బెలూన్‌ను ఉబ్బించి వదులుతూ మనుషుల్లో చూస్తే 2005లో 30 మందిలో అద్భుతం, తర్వాత డెన్మార్క్‌లో 1234 మందిలో లాభం తేలలేదు. గుండె ఆపరేషన్లకు ముందు చేతి పట్టీ పెట్టి చూసిన రెండు పెద్ద ట్రయల్స్ 2015లో ఒకేసారి వచ్చాయి, రెండూ సున్నా. 2010లో డెన్మార్క్ అంబులెన్సుల్లో పట్టీ కట్టి చూస్తే కండరం ఎక్కువ మిగిలినట్టు కనిపించింది. సరే, ఖాయం చేసుకుందామని బ్రిటన్, డెన్మార్క్, స్పెయిన్, సెర్బియాల్లో 5401 మంది మీద చేశారు. 2019లో ఫలితం: ఏడాదిలో గుండె జబ్బుతో చనిపోయినవాళ్లు, గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరినవాళ్లు కలిపి పట్టీ పెట్టినవాళ్లలో 9.4 శాతం, పెట్టనివాళ్లలో 8.6 శాతం. తేడా లేనట్టే లెక్క. ఆ వార్త వచ్చిన రోజు మా ల్యాబ్‌లో ఎవరికీ పని చేయబుద్ధి కాలేదు. అప్పటికి మా దగ్గర ఒకమ్మాయి సరిగ్గా అదే అంశం మీద మూడో ఏడు చదువుతోంది.

కాబట్టి మీ నాన్నగారి పట్టీ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. ఆ ట్రయల్స్‌లో నాలుగుసార్లు, 5 నిమిషాలు బిగించి 5 నిమిషాలు వదిలారు. బిగింపు పాదరసం 200 మిల్లీమీటర్ల దాకా, అంటే చేతికి రక్తం పూర్తిగా ఆగేంత. మీ ఇంట్లో ఆటోమేటిక్ బీపీ మిషన్ అలా పట్టి ఉంచదు, పట్టి ఉంచినా ఉపయోగం ఉందని తేలలేదు. రక్తం పలచబరిచే మందులు వాడే పెద్దాయన చేయి కమిలిపోవచ్చు. అన్నిటికన్నా నాకు భయం వేసేది, నిజంగా నొప్పి వచ్చిన రోజు ఇంట్లో కూర్చుని పట్టీ బిగిస్తూ 40 నిమిషాలు పోగొట్టుకోవడం. ఛాతీ బరువు, ఎడమ చేయికో దవడకో లాగడం, చెమట, కొన్ని నిమిషాల్లో తగ్గకపోతే 108. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే రావచ్చు, అది మరీ గుర్తుంచుకోండి. ఆస్పిరిన్ పడనివారు కాకపోతే 300 మిల్లీగ్రాముల మాత్ర నమలడానికి సిద్ధంగా పెట్టుకోవచ్చా అని ఆయన డాక్టర్ని ఇప్పుడే అడిగి ఉంచండి. పక్కింటివాళ్లిచ్చే సార్బిట్రేట్ నాలుక కింద పెట్టేయకండి, బీపీ పడిపోయి ఉంటే ప్రమాదం. 1988 నాటి ఐసిస్-2 ట్రయల్‌లో 17,187 మంది మీద చూసినప్పుడు, ఆస్పిరిన్, స్ట్రెప్టోకైనేజ్ రెండూ ఇచ్చినవాళ్లలో అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు 8 శాతం, రెండూ ఇవ్వనివాళ్లలో 13.2 శాతం. ఏ పట్టీ కూడా దీని దరిదాపులకు రాలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఎలుకలో అంత బాగా పని చేసింది మనిషిలో ఎందుకు చేయలేదు?

మా ఎలుకలు మూడు నెలల వయసు మగవి, షుగర్ లేదు, బీపీ లేదు, జీవితంలో ఒక్క మాత్ర మింగలేదు. మన రోగి 60 దాటినవాడు, పదిహేనేళ్ల షుగర్. షుగర్ ఉన్న గుండెను ఇలా కాపాడటం కష్టమని జంతువుల్లోనే తేలింది. పైగా మందులు. గ్లైబెన్‌క్లమైడ్ అనే పాత షుగర్ మాత్ర మన పెద్దవాళ్లలో ఎంతమంది వాడారో మీకు తెలుసు. అది పాంక్రియాస్‌లో మూసే పొటాషియం ద్వారాల లాంటివే గుండెలోనూ ఉన్నాయి. గుండె తనను తాను కాపాడుకునే దారి వాటి గుండానే పోతుంది. ఆ మాత్ర ఉంటే రక్షణ రాదని మనిషి గుండె కండరపు ముక్కల మీదే చూశారు. ఇంకోవైపు, నేడు రోగి ఆస్పత్రిలో చేరగానే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే టికాగ్రెలార్ లాంటి మందులే జంతువుల్లో కొంత రక్షణ ఇస్తాయి. అంటే ఒక చోట తలుపు మూసుంది, ఇంకో చోట ముందే తెరిచుంది. రెండు చోట్లా మన కొత్త మందు తలుపు తట్టి ప్రయోజనం లేదు.

సమయం సంగతి ఇంకోటి. గుండె ఆపరేషన్‌లో గుండెను ఎప్పుడు ఆపుతారో ముందే తెలుసు. అందుకే పొటాషియం ఎక్కువున్న చల్లటి కార్డియోప్లీజియా ద్రావణం ముందే పంపి గుండెను నిద్రపుచ్చుతారు. గుండె రక్షణలో నిజంగా గెలిచిన పద్ధతి అదే, రోజూ ప్రపంచమంతా వాడుతున్నారు. గుండెపోటు చెప్పి రాదు. మనం చేరేసరికే కెరటం సగం దూరం వచ్చేసి ఉంటుంది. స్పెయిన్‌లో 2013లో గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ ఇంజెక్షన్‌ను స్టెంట్‌కు బాగా ముందుగా ఇస్తే చచ్చిన కండరం సగటున 32 గ్రాముల నుంచి 25.6 గ్రాములకు తగ్గింది. మరో ట్రయల్‌లో ఇంకా ఎక్కువ మందికి, స్టెంట్‌కు కాస్త ముందు మాత్రమే ఇస్తే 2016లో ఏమీ తేలలేదు. నిమిషాల తేడాయే కారణమని గట్టిగా వాదించేవాళ్లున్నారు, నేను వాళ్ల పక్షం.

మూడోది మా ల్యాబులే. సొంత తప్పు చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక మొక్క నుంచి తీసిన పదార్థం మీద పని చేశాం. మందు వేయని గుండెలు ఏప్రిల్, మే నెలల్లో చేసి పెట్టుకున్నాం. మందు వేసినవి డిసెంబర్, జనవరిలో. తెల్ల మచ్చ సగానికి సగం తగ్గింది. పేపర్ రాయడం మొదలుపెట్టాం. ఒకరోజు అటెండర్ నీళ్ల తొట్టిలో వేలు పెట్టి "గోరువెచ్చగా కూడా లేవు సార్" అన్నాడు. హీటర్ సరిగ్గా పని చేయక ఉదయం పూట 34 డిగ్రీల దగ్గరే ఆగిపోతోంది. చల్లదనం తానే గుండెను కాపాడుతుందని ఈ రంగంలో అందరికీ తెలుసు. మూడు డిగ్రీల చలి చేసిన పనిని మా మొక్క ఖాతాలో వేసుకున్నాం. హీటర్ మార్చి, ఏ గుండెకు మందో ఏ గుండెకు కాదో చీటీలు తీసి, కొలిచేవాళ్లకు ఏది ఏదో చెప్పకుండా మళ్లీ చేశాం. తేడా మాయమైంది. ఇలాంటివి ప్రపంచంలో ఎన్ని ల్యాబుల్లో బయటపడకుండా ఉండిపోయాయో. అమెరికాలో ఇదే బాధతో సీజర్ అని కొన్ని ల్యాబులు కలిసి ఒకే పద్ధతిలో, ఏది ఏదో తెలియకుండా కొలుస్తూ ఎలుకలు, కుందేళ్లు, పందుల మీద చేసి చూశాయి. 1986 నాటి మూసి వదిలే పద్ధతి నిలబడింది. నైట్రైట్, సిల్డెనాఫిల్ అనే మందులు రెండూ నిలబడలేదు.

ఇన్ని ఓటముల తర్వాత ఈ అంశం ఎందుకు తీసుకోవాలి? నా అభిప్రాయం: ప్రశ్న తప్పు కాదు, అడిగిన చోటు తప్పు. 2019 ట్రయల్‌లో రోగులు అంబులెన్స్‌లో నేరుగా స్టెంట్ వేసే క్యాథ్ ల్యాబ్‌కు చేరినవాళ్లు, అన్ని మందులూ అందినవాళ్లు. వాళ్లకు ఇంకా మిగుల్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పాడేరు కొండల మీద నొప్పి వచ్చిన మనిషి ఘాట్ దిగి వైజాగ్ చేరాలంటే మూడు గంటలు, అదీ వెంటనే బండి దొరికితే. దారిలో ఏరియా ఆస్పత్రిలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే అదృష్టం. రెండు గంటల్లో స్టెంట్ పడే వీలు లేకపోతే ముందు ఆ ఇంజెక్షన్ ఇవ్వాలన్నదే నియమం. ఈ మనిషి గుండె ఎంతసేపు ఆకలితో ఉంది, రక్తం ఒక్కసారిగా కాక గడ్డ కరుగుతూ మెల్లగా తిరిగి వస్తే లోపల ఏం జరుగుతుంది, షుగర్ ఉంటే ఏం మారుతుంది, 108 బండిలో ఇవ్వగల చవక మందు ఏదైనా ఆ కెరటాన్ని అరగంట ఆపగలదా? వైజాగ్ పెద్ద ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్ వరండాలో రోజూ కూర్చునే రోగులు వీళ్లే. ఈ ప్రశ్న మీద పని చేయడానికి కోపెన్‌హాగెన్ కంటే వైజాగ్ మంచి చోటు.

అందుకని మీ అమ్మాయి గైడ్‌ను ముందే కొన్ని అడగాలి. కుర్ర ఎలుకలేనా, షుగర్ తెప్పించిన ముసలి ఎలుకలు కూడా ఉన్నాయా? ఆడవి? రోగికి ఇచ్చే ఆస్పిరిన్, టికాగ్రెలార్ ఎలుకకు కూడా ఇచ్చి, ఆ పైన కొత్త మందు చూస్తారా? మందును రక్తం ఆపకముందే ఇస్తారా, రక్తం వదిలేటప్పుడు ఇస్తారా? రక్తం ఆపకముందే ఇచ్చి గెలిచిన మందుతో గుండెపోటు రోగికి ఉపయోగం లేదు. ఫలితం సున్నా వచ్చినా థీసిస్ ఒప్పుకుంటారా? ఈ చివరిదానికి గైడ్ నవ్వి దాటవేస్తే వేరే గైడ్‌ను వెతుక్కోమనండి. ఉద్యోగం గురించి మీరు అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. ఇలా చేతి పని వచ్చినవాళ్లను, ముఖ్యంగా మందు భద్రత పరీక్షల్లో, హైదరాబాద్ కంపెనీలు తీసుకుంటాయి. పరవాడ ఫార్మా సిటీలో ఈ పని తక్కువ, అక్కడ ఎక్కువగా తయారీయే.

ఇంకొకటి, ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. మొదటి రోజే నీళ్ల తొట్టిలో తన సొంత థర్మామీటర్ ఒకటి వేసుకోమనండి. డిస్‌ప్లేలో 37 కనిపిస్తున్నా సరే, ప్రతి గుండెకూ ముందు, తర్వాత చూసి నోట్‌బుక్‌లో రాసుకోమనండి.